వాల్‌నట్ ఊరగాయ: ఇంగ్లండ్‌లో ఎలా పెడతారు?

వాల్‌నట్ అంటే మనకు తెలిసింది ప్యాకెట్లో వచ్చే ఎండు పప్పే. ఇంగ్లండ్‌లో దాన్ని పచ్చికాయగా ఉండగానే కోసి, తొక్కతో సహా మాల్ట్ వెనిగర్‌లో (మొలకెత్తిన బార్లీతో చేసే వెనిగర్) ఊరేస్తారు. నూనె లేదు, ఎండుకారం లేదు. క్రిస్మస్ మర్నాడు మిగిలిన చల్లటి మాంసం, చీజ్ పక్కన ఈ నల్లటి కాయ ఉండాల్సిందే.

పనంతా కాయ ఎంచుకోవడంలోనే ఉంది. ఆవకాయకి టెంక ముదిరిన కాయ కావాలి కదా, దీనికి సరిగ్గా ఉల్టా. లోపల పెంకు కట్టకముందే, అంటే అక్కడి లెక్కన జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో కోసెయ్యాలి. పెంకు ముందుగా కట్టేది తొడిమకి ఎదురు కొసన. అక్కడ దబ్బనం గుచ్చి చూడండి. గట్టిగా తగిలిందా, ఆ కాయ పక్కన పడెయ్యండి. ఎన్నాళ్లు ఊరినా అది పంటికి తగులుతూనే ఉంటుంది.

తర్వాత గ్లవ్స్ వేసుకుని ఒక్కో కాయనీ ఫోర్కుతో నాలుగైదు చోట్ల పొడవండి. కారే రసం నీళ్లలాగే కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. కాసేపటికి వేళ్లు ముదురు గోధుమరంగుకి తిరుగుతాయి, గోరింటాకు కన్నా మొండిది, సబ్బుకి లొంగదు.

కిలో కాయలకి 2 లీటర్ల నీళ్లలో 225 గ్రాముల ఉప్పు కరిగించి, కాయలు మునిగేలా వారం ఉంచండి. ఆ నీళ్లు పారబోసి, కొత్త ఉప్పునీళ్లలో ఇంకో వారం. చేదు దిగేది ఇక్కడే, తొందరపడొద్దు.

ఇక మాగాయ ముక్కల్లాగే ఎండ. కాయల్ని వడకట్టి పళ్లెంలో పరిస్తే, రెండు మూడు రోజుల్లో ఆకుపచ్చ పోయి బొగ్గులా నల్లబడతాయి. అన్నివైపులా నల్లబడేలా మధ్యమధ్యలో తిప్పండి.

స్టీలు గిన్నెలో లీటరు మాల్ట్ వెనిగర్, అరకిలో బ్రౌన్ షుగర్, చెంచాడు ఆల్‌స్పైస్ (మిరియాల్లా ఉండే ఎండుకాయల మసాలా), చెంచాడు లవంగాలు, కాస్త దాల్చినచెక్క, తురిమిన అల్లం వేసి మరిగించండి. కిటికీలు తెరవండి, ఘాటు మామూలుగా ఉండదు. అందులో కాయలు వేసి పావుగంట సన్నమంట మీద ఉడికించి, వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టిన సీసాల్లోకి ఎత్తండి. కాయలు పూర్తిగా మునగాలి. రేకు మూత నేరుగా వెనిగర్‌కి తగిలితే తుప్పు పడుతుంది, లోపల ప్లాస్టిక్ పూత ఉన్నది చూసుకోండి.

కనీసం ఆరు వారాలు ముట్టుకోకండి. ఊరిన కాయ మెత్తగా, పుల్లపుల్లగా, తియ్యతియ్యగా ఉంటుంది. పల్చగా కోసి స్టిల్టన్ అనే నీలిచారల ఇంగ్లిష్ చీజ్‌తో తింటారు. సీసాలో మిగిలిన వెనిగర్ బీఫ్ స్ట్యూలోకి పోతుంది.