విశ్వాసంలో చివరిదాకా నిలబడాలంటే

నేను 1984 మే నెలలో బాప్తిస్మం తీసుకున్నాను. కాలువలు కట్టేసిన రోజులు, అందుకని నర్సాపురం దగ్గర వశిష్ఠ రేవులోనే ముంచారు. పోటు మీదుంది గోదారి. నోట్లోకి పోయిన నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఆ రోజు నీళ్ళలోకి దిగింది పదకొండు మందిమి. ఇప్పుడు ఆదివారం రొట్టె విరిచే ఆరాధనకి వస్తున్నది నలుగురం. ఇద్దరు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మిగతా ఐదుగురిలో ఎవరూ దేవుణ్ణి కాదని చెప్పి వెళ్ళలేదు. ఒక ఆదివారం మానేశారు, తర్వాత ఇంకొకటి, ఆపైన అలవాటు తప్పిపోయింది.

కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఆడపిల్లలు మా అరుగు మీదికొచ్చి "పెద్దమ్మా, చల్లారిపోకుండా ఎలా ఉండాలి?" అని అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

వాక్యం చదవడానికి పెద్ద తీర్మానాలు చేసుకోకండి. ఉజ్జీవ సభల్లో మనసు పొంగి రోజుకి పది అధ్యాయాలు అనుకుంటారు, లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. రోజుకి ఒక్కటి చాలు. బైబిల్లో ఉన్నవి 1189 అధ్యాయాలు. రోజుకొకటి చొప్పున మూడేళ్ళ మూడు నెలల్లో పూర్తవుతుంది. నాకు పన్నెండుసార్లు అయింది, పదమూడోసారి యోబు గ్రంథంలో ఉన్నాను. 119వ కీర్తన వచ్చినప్పుడు మాత్రం 176 వచనాలూ ఒకేసారి చదవను. ఎనిమిదేసి వచనాల చొప్పున ఇరవై రెండు భాగాలుగా రాసి ఉంది కాబట్టి ఇరవై రెండు రోజులు తీసుకుంటాను. ఎప్పుడు చదవాలంటే, మీరు ఎలాగూ మానని పని ఒకటి ఉంటుంది కదా, దానికి ముందు. నేనైతే పొద్దున్నే దారం ఉండ ఒళ్ళోకి తీసుకునే ముందు చదువుతాను.

మేం లేసు అల్లేవాళ్ళం. ఈ అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారానే మా ప్రాంతానికి వచ్చింది. లేసులో ఒక వరస తప్పుపోతే దాని మీద ఇంకో వరస అల్లేయకూడదు, ముక్క మొత్తం వంకరపోతుంది. సూది తీసి, దారం లాగి, తప్పు దాకా విప్పుకోవాలి. పాపం సంగతీ అంతే, ఆ రోజుది ఆ రోజే విప్పుకోండి. రాత్రి ప్రార్థనలో "నా పాపములు క్షమించుము" అని ఊరికే అనేయకుండా, చేసిన పని పేరు పెట్టి చెప్పండి. ఒకసారి మిగిలిన దారం, మాకు దారమిచ్చి అల్లించుకునే ఏజెంటుకి చెప్పకుండా దాచుకుని, మా పాప గౌనుకి అంచు అల్లాను. ఆ గౌను వేసుకుని అది మందిరంలో నా పక్కనే కూర్చునేది. మూడు వారాలు నాకు ప్రార్థనలో నోరు పెగల్లేదు. నాలుగో వారం ఏజెంటు దగ్గరికెళ్ళి చెప్పేసి, ఆ దారం ఖరీదు నా కూలిలో కోయించుకున్నాను.

అసలు కష్టం ఎండిపోయిన రోజుల్లో వస్తుంది. మా ఆయన 2003లో పోయారు. మూడో రోజు ప్రార్థన కూటంలో ఒకాయన, ఈ ఇంట్లో ఏదో దాచిన పాపం ఉండబట్టే ఇలా జరిగిందన్నాడు. పద్నాలుగు నెలలు మందిరం గడప తొక్కలేదు. బైబిలు బీరువా మీదే ఉండిపోయింది.

ఆ పద్నాలుగు నెలలూ ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా వీధి చివర మామ్మగారు వచ్చేది. అప్పటికే డెబ్భై దాటినావిడ. లేసు సంచి చంకన పెట్టుకుని వచ్చి, "ఏవే అమ్మాయ్, కాసిని మంచినీళ్ళియ్యి" అని అరుగు మీద చతికిలబడి అల్లుకునేది. ప్రార్థన చేద్దామా అని ఒక్కనాడూ అడగలేదు. చూపు ఆనక గొలుసు లెక్క తప్పితే నన్ను లెక్కపెట్టమనేది. ఒక రోజు నేనే ఆగలేక, "మామ్మగారూ, ప్రార్థన చేద్దామంటే మాట రావట్లేదండీ" అన్నాను. ఆవిడ సూది ఆపి, "నీ మాటలెందుకే, 88వ కీర్తన చదువు. అది మనలాంటోళ్ళ కోసమే" అంది.

ఆ కీర్తన రక్షణకర్తవైన దేవా అని మొదలై, చీకటితోనే ముగుస్తుంది. చివర్లో ఓదార్పు మాట ఒక్కటీ లేదు. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో ఉండనిచ్చాడు దేవుడు! నలభై రోజులు రోజూ అదే చదివాను. తర్వాత మామ్మగారి వెనకే నడిచి మందిరానికెళ్ళాను. మీకూ మాట రాని రోజులొస్తే సొంత మాటల కోసం వెతుక్కోకండి, కీర్తన అరువు తెచ్చుకోండి.

అలాంటి మామ్మగారిని ముందే చూసి పెట్టుకోండి. మీ ఈడు స్నేహితురాలైతే మీతోపాటే ఆవిడా జారిపోవచ్చు. మీకంటే పదిహేనేళ్ళైనా పెద్దావిడ అయి ఉండాలి. "వరసగా రెండు ఆదివారాలు నేను కనబడకపోతే ఇంటికి రండి" అని నోరు తెరిచి అడగండి. గల్ఫ్ వెళ్ళే పిల్లలకి ఇది మరీ అవసరం. కువైట్‌లో ఆరాధన శుక్రవారాలుంటుంది, దిగిన మొదటి శుక్రవారమే సంఘం వెతుక్కోమని చెప్పి పంపండి. మగపిల్లలు సంక్రాంతి మూడు రోజులూ కోడిపందాల బరుల వైపు పోకుండా ఇంట్లో పని పెట్టండి.

సంఘంలో గొడవలొస్తాయి. మత్తయి 18లో ప్రభువు చెప్పినట్టు ముందు ఆ మనిషి దగ్గరికి ఒంటరిగా వెళ్ళి మాట్లాడండి. మా ఇంట్లో దాచిన పాపం ఉందన్న ఆయన దగ్గరికి వెళ్ళడానికి నాకు రెండేళ్ళు పట్టింది. వెళ్ళాక ఆయన ఏడ్చాడు.

జారిపోయినవాళ్ళ సంగతి ఇక తేలిపోయిందని అనుకోకండి. దేమా పౌలుకి జతపనివాడు. ఫిలేమోనుకి రాసిన పత్రికలోనూ, కొలొస్సయులకి రాసినదానిలోనూ అతని పేరుంది. తిమోతికి పౌలు రాసిన రెండో పత్రిక నాలుగో అధ్యాయం పదో వచనానికి వచ్చేసరికి లోకాన్ని స్నేహించి వెళ్ళిపోయాడు. ఆ పక్క వచనమే చూడండి, మార్కుని వెంటబెట్టుకు రమ్మంటున్నాడు పౌలు. పంఫూలియలో పని మధ్యలో వదిలి వెనక్కెళ్ళిపోయిన మార్కే ఆయన! నా పక్కన నీళ్ళలోకి దిగిన ఆ ఐదుగురి పేర్లూ నేనింకా రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాను.

మామ్మగారు మా ఇంటికి వచ్చినట్టు మీరు ఎవరింటికైనా వెళ్ళాల్సి వస్తే చేతిలో ఏదో పని పట్టుకెళ్ళండి. అల్లికో, చిక్కుళ్ళు ఒలవడమో, ఏదైనా సరే. ఖాళీ చేతులతో వెళ్ళి ఎదురుగా కూర్చుంటే విచారణకొచ్చినట్టుంటుంది. పని చేసుకుంటూ కూర్చుంటే, మాట్లాడాలనిపించినప్పుడు వాళ్ళే మాట్లాడతారు.