ఒకరికి లిస్టు కావాలి, ఇంకొకరికి అరుగు కావాలి: ఇద్దరూ కలిసి హంపి వెళ్ళడం ఎలా

ఊరెళ్తే నేను పొద్దున ఆరింటికల్లా తయారై రోడ్డు మీద ఉండాలి. మా ఆయనకేమో చెట్టు నీడ, కూర్చోడానికి ఒక రాతి అరుగు, చేతిలో టీ ఉంటే చాలు, ఊరు దానంతటదే కనబడుతుందంటారు. పెళ్ళైన కొత్తలో గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హోస్పేటలో దిగాం, అక్కణ్ణుంచి హంపి 13 కిలోమీటర్లే, కానీ ఆటో ఎక్కేలోపే గొడవ మొదలైంది, ఎందుకంటే నా చేతిలో పద్నాలుగు చోట్ల లిస్టు ఉంది, ఆయనకి ముందు ఇడ్లీ కావాలి. రెండోసారి వెళ్ళినప్పుడు ఒక్క గొడవా లేకుండా (సరే, ఒక్కటే) తిరిగొచ్చాం. ఈసారి ఏం మార్చామో చెప్తాను.

టికెట్లు బుక్ చేయకముందే ఒక పని చేయండి. ఒకరిది ఒకరు చూడకుండా, "ఇది లేకపోతే అంత దూరం వెళ్ళడం దండగ" అనిపించేవి చెరో రెండు రాసుకోండి. రెండే, మూడోది వద్దు. నావి విఠలాలయం, మాతంగ కొండ మీద సూర్యోదయం. ఆయనవి తుంగభద్రలో పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఎక్కడం, ఒక మధ్యాహ్నమంతా ఏమీ చేయకుండా కూర్చోవడం. అవును, ఏమీ చేయకపోవడం కూడా లిస్టులో ఒక ఐటమే, దానికీ టైము కేటాయించాలి. ఇది ఒప్పుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

తర్వాత, టైముతో ముడిపడినవి ఒక పక్కన, మిగతావి ఒక పక్కన పెట్టండి. రైలు, గది, టికెట్ల విషయంలో ప్లాను వేసేవాళ్ళదే ఆఖరి మాట, రెండోవాళ్ళు నోరెత్తకూడదు. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతోంది, అంతకుముందు 120 ఉండేది, కాబట్టి "చూద్దాంలే" అనే మనిషికి ఈ పని అప్పజెప్పకండి.

హంపిలో ఇంకో మెలిక ఉంది. విఠలాలయానికి కొన్న టికెట్‌తోనే లోటస్ మహల్, ఏనుగుల శాలలు ఉన్న జనానా ఆవరణ, కమలాపురం మ్యూజియం కూడా చూడొచ్చు, కానీ అదే రోజు చూసెయ్యాలి. మొదటిసారి విఠలాలయం అవ్వగానే "కూర్చోవే కాసేపు" అంటూ ఆయన నది ఒడ్డున చతికిలబడ్డారు, అక్కడే చీకటి పడింది, మర్నాడు మళ్ళీ టికెట్ కొన్నాం. డబ్బు పెద్దదేం కాదు, గేటు దగ్గర నిలబడి నేనన్న "ముందే చెప్పానుగా" అనే మాటే పెద్దదైంది. ఆ మాట ప్రయాణంలో పూర్తిగా నిషేధం. అందుకే ఇప్పుడు ఆ మూడూ ఒకే రోజు పెట్టి, మర్నాడు ఖాళీగా వదిలేస్తాం.

మాకు బాగా పనికొచ్చింది మాత్రం ఒక పూట విడివిడిగా తిరగడం. "జంటగా వెళ్ళి చెరో దారీ పట్టడమేంటి" అని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. మాతంగ కొండకి తెల్లారకముందే బయల్దేరాలి, ఆయన్ని చీకట్లో లేపి మెట్లెక్కిస్తే ఆ మొహం చూశాక సూర్యుణ్ణి చూడబుద్ధి కాదు. అందుకని మా లాడ్జిలోనే దిగిన ఒక కుటుంబంతో కలిసి వెళ్ళాను (చీకట్లో అక్కడ ఒంటరిగా ఎక్కకండి, ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా), తొమ్మిదింటికి విరూపాక్ష గోపురం కింద కలుద్దామనుకున్నాం. తొమ్మిదింబావైనా మనిషి లేరు. వెతుక్కుంటూ వెళ్తే గుడి వెనక చీకటి గదిలో ఉన్నారు, చిన్న కన్నంలోంచి వచ్చే వెలుతురుకి ఎదురు గోడ మీద రాజగోపురం తలకిందులుగా పడుతుంది కదా, అక్కడ అరచెయ్యి అడ్డం పెట్టి గోపురం కొసని చేతిలో పట్టుకుని చూస్తున్నారు. నా లిస్టులో "విరూపాక్ష, 40 నిమిషాలు" అని మాత్రమే రాసుంది. ఇద్దరం అక్కడే గంట ఉన్నాం.

విడిపోయేముందు కలిసే చోటు, టైము, దాని మీద అరగంట సడలింపు, ఈ మూడూ నోటితో చెప్పుకోండి, సిగ్నల్ లేకపోయినా కంగారు ఉండదు. డబ్బులూ నీళ్ళ సీసా ఇద్దరి దగ్గరా ఉండాలి, ఒకే బ్యాగులో కాదు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఏ ప్లానూ పెట్టుకోకండి. ఎండకి ఆ బండలు పెనంలా కాలతాయి, మా గొడవల్లో చాలామటుకు ఆకలితో, ఎండలో జరిగినవే. తిండి ఎక్కడన్నది అరుగు పార్టీ తేలుస్తుంది, లిస్టు పార్టీ రివ్యూలు చదవకుండా వెనకాల నడవాలి. నాకు ఇది ఇప్పటికీ కష్టమే.

తిరుగు ప్రయాణం రోజు మాత్రం పూర్తిగా నాది, రైలుకి గంట ముందే హోస్పేట స్టేషన్లో ఉంటాం. "ఇంత తొందరేంటి" అని సణుగుతూనే ఆయన ప్లాట్‌ఫాం మీద ఒక బెంచీ, టీ వెతుక్కుంటారు.