వంతెన ఎంత సుస్థిరం? 3వ పాఠం: కార్బన్ లెక్క చేత్తో వేద్దాం

పోయిన పాఠంలో వంతెన జీవితాన్ని దశలుగా విడగొట్టాం కదా: సామగ్రి తయారీ, రవాణా, కట్టడం, వాడకం-రిపేర్లు, చివరికి కూల్చివేత. ఈసారి అంకెలు. కాలిక్యులేటర్ చాలు, సాఫ్ట్‌వేర్ జోలికి ఇప్పుడే పోవద్దు, అది చూపించే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకపోతే నమ్మాలో వద్దో కూడా తేల్చుకోలేం.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి: దేన్ని దేనితో పోలుస్తున్నాం? "టన్ను స్టీలుకి ఇంత, టన్ను కాంక్రీటుకి ఇంత" అంటూ పోల్చేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. అది పనికిరాని పోలిక, ఎందుకంటే అదే బరువు మోయడానికి స్టీలు గిర్డర్లు (వంతెనని మోసే పొడవాటి దూలాలు) కాంక్రీటు గిర్డర్లకన్నా చాలా తేలిగ్గా ఉంటాయి. కాబట్టి కాగితం మీద మొదటి వాక్యం ఇలా రాయండి: "రెండు లేన్ల ట్రాఫిక్‌ని 40 మీటర్ల వాగు మీదుగా 100 ఏళ్లపాటు దాటించాలి." పని, కాలం రెండూ అందులో ఉండాలి. దీన్నే ఫంక్షనల్ యూనిట్ అంటారు, ఇలాంటి జీవితకాలపు పర్యావరణ లెక్కలకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14040 అడిగేదీ ఇదే.

ఇప్పుడు పైభాగం ఒక్కటే తీసుకుందాం. పొడవు 40 మీటర్లు, వెడల్పు 10, గిర్డర్లు, శ్లాబు కలిపి సగటు మందం అర మీటరు అనుకుంటే 200 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఘనపు మీటరుకి 400 కిలోల సిమెంటు చొప్పున 80 టన్నులు. టన్ను సిమెంటుకి సుమారు 0.85 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే 68 టన్నులు. ఇందులో సగానికి పైగా ఇంధనం వల్ల వచ్చేది కాదు, కాలుతున్న సున్నపురాయి లోంచే వచ్చేది, అంటే బట్టీని పూర్తిగా సోలార్ మీద నడిపినా అది పోదు. ఇక కమ్మీలు: ఘనపు మీటరుకి 150 కిలోలు, మొత్తం 30 టన్నులు, బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కరిగించే కొలిమి) స్టీలైతే టన్నుకి 2 చొప్పున 60. కలిపితే 128 టన్నులు.

కమ్మీల వాటా దాదాపు సిమెంటంత ఉంది, గమనించారా? అందరూ సిమెంటు మీదే పడతారు.

సిమెంటులో సగం తీసేసి స్లాగ్ (ఇనుము తీసేటప్పుడు మిగిలే చిట్టెం పొడి) కలిపితే, స్లాగ్‌కీ కొంత కార్బన్ ఉంటుంది కాబట్టి 34 కాకుండా సుమారు 31 టన్నులు తగ్గుతాయి, కానీ తొలిరోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది, షట్టరింగ్ ఎక్కువ రోజులు ఉంచాలి, కాంక్రీటు గట్టిపడ్డాక లోపలి ఉక్కు కేబుళ్లు లాగి బిగించే గిర్డర్లకైతే ఇంకా ఇబ్బంది. తుక్కు కరిగించి ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో చేసిన కమ్మీలు వాడితే, టన్నుకి 0.6 అనుకుంటే, 42 టన్నులు తగ్గుతాయి. కాకపోతే స్లాగ్ అయినా తుక్కు అయినా ప్రపంచంలో ఉన్నది పరిమితమే, మీరు తీసుకున్నది ఇంకొకరికి దక్కదు. అందుకే నన్నడిగితే డిజైన్‌లో అసలు పరిమాణం తగ్గించడమే నిఖార్సైన ఆదా. అన్నట్టు, ఈ గుణకాలన్నీ నేర్చుకోవడానికి వాడుకునేవి, నిజమైన ప్రాజెక్టులో సప్లయర్ ఇచ్చే ఈపీడీ (ఆ సరుకు పర్యావరణ ప్రభావాన్ని లెక్కకట్టి చెప్పే ప్రకటన) పత్రంలోని అంకెలే వాడాలి.

అసలు మెలిక రిపేర్లలో ఉంది. ఎక్స్‌పాన్షన్ జాయింట్ (ఎండకి వంతెన సాగడానికి వదిలే సందు, దాన్ని మూసే రబ్బరు) బరువులో వంతెన ముందు లెక్కలోకి రాదు, కానీ దాని రబ్బరు చిరిగిందంటే వాననీళ్లు నేరుగా బేరింగుల (గిర్డర్లు ఆనే దిమ్మల) మీదకి, గిర్డరు చివర్లకి కారతాయి, లోపలి కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బి పైన కాంక్రీటు పెచ్చులూడుతుంది. దాన్ని బాగుచేయడానికి వంతెన 20 రోజులు మూసేశారనుకోండి. రోజుకి 10,000 బండ్లు, ఒక్కోటి 5 కిలోమీటర్లు చుట్టూ తిరిగి, కిలోమీటరుకి 0.2 కిలోలు వదిలితే 200 టన్నులు. పైభాగం కట్టడానికి అయినదానికన్నా ఎక్కువ, అదీ ఒక్క రిపేరుకి! బ్రిటన్ ప్రమాణాలు 60 మీటర్లలోపు వంతెనల్ని వీలైనంతవరకు జాయింట్లు లేకుండా, ఇంటిగ్రల్‌గా కట్టమన్నది ఈ నీటి బాధ పడలేకే.

డబ్బు లెక్కలో ఇది ఎందుకు కనబడదంటే, 5 శాతం డిస్కౌంట్ రేటుతో (ముందుముందు అయ్యే ఖర్చుని ఏడాదికి ఇంత చొప్పున తగ్గించి చూసే రేటు) 50 ఏళ్ల తర్వాతి ఖర్చు నేటి విలువలో 9 శాతానికి పడిపోతుంది, అక్కడితో రిపేర్లు చవగ్గా తేలిపోతాయి. కార్బన్‌కి ఆ డిస్కౌంట్ వేయకండి.

హోమ్‌వర్క్: పై అంకెలతోనే, రోజుకి ఎన్ని బండ్లు తిరిగితే ఒక్క మూసివేత 128 టన్నులకి సమానమవుతుంది? వచ్చే పాఠంలో పిల్లర్లు, పునాదులు చూద్దాం, నేల బాగోకపోతే లెక్కంతా అక్కడే పెరిగిపోతుంది.