బెంగళూరులో ఫ్లాటు కొనేముందు: బిల్డర్ వెనక ఎవరి డబ్బుందో ఇలా చూడండి

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు ఫ్లాటు చూసుకునే మనవాళ్ళు ముందుగా అడిగేది చదరపు అడుగు రేటు. అంతకన్నా ముందు తేలాల్సింది, ఆ స్థలం ఎవరి దగ్గర తనఖాలో ఉందన్నది. ఈ ఊళ్ళో ఆఫీసు అద్దెల మీదే వాటాలు అమ్ముతున్నారు. అలా అద్దెల్లో వాటా పంచే ట్రస్టును రీట్ అంటారు. దేశంలో మొదటి రీట్‌గా 2019లో లిస్టయిన ఎంబసీ ఆఫీస్ పార్క్స్ ఇక్కడిదే. ఇళ్ళ స్థలాలకూ ఫండ్లు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) పెద్ద వడ్డీకి అప్పిస్తాయి. ఆ వడ్డీ ఆగదు కాబట్టి ప్రీలాంచ్ అంటూ తొందరపెడతారు, కుదిరినన్ని అంతస్తులు లేపుతారు.

కర్ణాటక రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైటులో ప్రాజెక్టు పేజీ తెరవండి. హోర్డింగు మీద ఉండేది బ్రాండు. ఇక్కడ ప్రమోటర్, అంటే కాగితాల మీద బిల్డర్, ఆ ఒక్క ప్రాజెక్టు కోసం పెట్టిన వేరే కంపెనీ కావచ్చు. ఆ పేరుతోనే కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో చార్జీల (ఆస్తి మీద అప్పుల నమోదు) వివరాలు చూడండి. ఎవరికి, ఎంతకు, ఏ తేదీన తనఖా పెట్టారు, తీరిందా లేదా అన్నీ ఉంటాయి. చార్జి నమోదుకు 30 రోజుల గడువుంది, కొత్త తనఖా వెంటనే కనబడకపోవచ్చు, కాబట్టి అగ్రిమెంటుకు ముందు మరోసారి చూడాలి.

తర్వాత కావేరి పోర్టల్‌లో సర్వే నంబరు మీద ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల పట్టిక) తీయండి. నంబరు హిస్సాలుగా (ఉప భాగాలుగా) విడిపోయి ఉంటే ప్రతి హిస్సాకూ వేరుగా తీయాలి. ఈసీ కన్నడలో ఉన్నా కంగారొద్దు, లిపి మనదానికి దగ్గరే. 'అడమాన' అంటే తనఖా. ఆ వరుసలో ట్రస్టీ కంపెనీ పేరుంటే అప్పు డిబెంచర్ల (కంపెనీ అమ్మే అప్పు పత్రాల) మీద వచ్చి ఉండవచ్చు.

తనఖా ఉండటం తప్పు కాదు. ఎన్ఓసీ, అంటే ఫ్లాటు అమ్మకానికి అభ్యంతరం లేదని అప్పిచ్చినవాళ్ళు ఇచ్చే లెటరు లేకుండా సంతకం పెట్టడమే ప్రమాదం. మీతో అగ్రిమెంటయ్యాక బిల్డర్ ఆ ఫ్లాటును తనఖా పెట్టకూడదు, పెట్టినా మీ హక్కు చెదరదు. రెరా చట్టం 11వ సెక్షన్ చెప్పేది అది. అంతకుముందే ఉన్న తనఖాకు ఆ మాట వర్తించదు. జనం దెబ్బతినేది ఇక్కడే.

ఎన్ఓసీ అప్పిచ్చినవాళ్ళ లెటర్‌హెడ్ మీదే ఉండాలి. టవరు, ఫ్లాటు నంబరు, మీ పేరు అందులో ఉండాలి. చివరి పేరా రెండుసార్లు చదవండి. సొమ్మంతా ఫలానా ఖాతాలో పడితేనే ఈ లెటరు చెల్లుతుందనే షరతు తరచూ అక్కడే ఉంటుంది. ఆ ఖాతా నంబరూ, అగ్రిమెంటులోదీ, వాయిదా కట్టమని బిల్డర్ పంపే డిమాండ్ లెటర్‌లోదీ ఒకటేనా? క్లబ్బు, పార్కింగు డబ్బని వేరే ఖాతాలో వేయమంటే ఒప్పుకోకండి. కొన్నవాళ్ళ సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, పని సాగినమేరకే, ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫికెట్లతో తీయాలని చట్టం.

రిజిస్టరైన సేల్ అగ్రిమెంటు లేకుండా 10 శాతం మించి ఇవ్వొద్దు. 90 లక్షల ఫ్లాటుకు 9 లక్షలు. ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ నంబరు రాకముందు ఈఓఐ (కొనే ఆసక్తి తెలిపే పత్రం) అంటూ అడిగే చెక్కు అసలే ఇవ్వకండి.

ఉండటానికి కాక తిరిగి అమ్ముకోవడానికి ఇన్వెస్టర్లు ఎన్ని ఫ్లాట్లు కొన్నారో కాగితాల్లో తెలియదు. ఆ బిల్డరే దగ్గర్లో కట్టి, తాళాలిచ్చి ఏడాది దాటిన టవరు దగ్గరికి రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి లైట్లున్న ఇళ్ళు లెక్కపెట్టండి. సగం చీకటైతే వాటిలో చాలావరకు ఇన్వెస్టర్లవే కావచ్చు. అవి ఒకేసారి అమ్మకానికి వస్తే బిల్డర్ రేటు కంటే తక్కువకే రీసేల్ దొరకవచ్చు, అదీ ఓసీ (నివాసానికి అనుమతి పత్రం) చేతికొచ్చిన ఇల్లు.