మాటల్లేని హాస్యం – 4వ పాఠం: టోపీ తిన్న గుర్రం

పోయిన పాఠంలో ఒక పేజీ సంభాషణ రాసి, మాటలన్నీ కొట్టేయమన్నాను. కాగితం ఖాళీ అయిపోయిందా? టెన్షన్ వద్దు. ఫ్రెంచ్ సినిమా దర్శకుడు రెనే క్లెయిర్‌కీ ఇదే చిక్కు వచ్చింది.

1851లో పారిస్‌లో ఆడిన ‘ఇటాలియన్ గడ్డి టోపీ’ ఐదంకాల ప్రహసనం. లబీష్, మార్క్-మిషెల్ కలిసి రాశారు. నిండా మాటలు, మధ్యలో పాటలు. 1928లో క్లెయిర్ దాన్ని మూకీ చేశాడు.

కథ చిన్నదే. పెళ్ళికొడుకు ఫాదినార్ గుర్రం దారిలో ఎవరిదో గడ్డి టోపీ నమిలేస్తుంది. టోపీ ఒక పెళ్ళయినావిడది. పక్కనున్నది మొగుడు కాదు, ఓ సైనికాధికారి! టోపీ లేకుండా ఆవిడ ఇంటికెలా వెళ్తుంది? అచ్చం అలాంటిదే తెమ్మని, లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తానని అధికారి ఫాదినార్ ఇంట్లోనే కూర్చుంటాడు. అక్కడేమో ముహూర్తం.

క్లెయిర్ ఆ డైలాగులన్నీ టైటిల్ కార్డుల (మూకీలో మధ్యమధ్య మాటలు రాసి చూపే పలకల) మీదికి ఎక్కించలేదు. మనిషికో వస్తువు ఇచ్చాడు. మామగారిని కొత్త బూట్లు కరుస్తుంటాయి. ఒకాయనకి చేతితొడుగు ఒకటే ఉంది. చెవిటి బాబాయికి చెవిలో పెట్టుకునే బాకా. (మూకీలో చెవిటి పాత్ర! నాకు ఇదే అన్నిటికంటే కొంటెగా తోస్తుంది.)

టై జారిన సీన్ మాత్రం నిదానంగా చూడండి. టౌన్‌హాల్లో పెళ్ళి జరుగుతోంది. ఒకావిడ తన భర్త టై జారడం చూసి, మెడ దగ్గర చెయ్యి పెట్టి సైగ చేస్తుంది. ఆయనకి అర్థం కాదు. చుట్టూ ఉన్న మగవాళ్ళు మాత్రం తమ టైలు తడుముకుంటారు. కిటుకు ఇక్కడుంది: కబురు అందాల్సినవాడికి తప్ప అందరికీ అందాలి. ఆవిడ నోటితో చెప్పగలిగితే ఈ సీనే లేదు.

రెండో కిటుకు, బెదిరింపు. అధికారి అరుపుని మూకీలో వినిపించలేం. అందుకే క్లెయిర్ దాన్ని పెళ్ళికొడుకు బుర్రలోకి మార్చాడు. పెళ్ళి తంతు మధ్యలో అతని కళ్ళ ముందు తన ఇంటి సామానంతా కిటికీల్లోంచి వీధిలో పడుతుంటుంది. అన్నవాడి నోరు కాదు, విన్నవాడి భయం చూపించాలి.

ఇంటిపని: వియ్యపురాలి కొత్త పట్టుచీరకి ధర చీటీ వేలాడుతోంది. మేళం హోరు. ఆవిడకి ఎదురుగా కూర్చున్న చెల్లెలు సంగతి చేరవేయాలి. ఆరు షాట్లు, ఒక్క మాట కూడా వద్దు. చీటీ చివరికి ఎవరి చేతికి చిక్కిందో ఆరో షాట్‌లోనే తెలియాలి.