జన్యుశాస్త్రం కలిసి చదువుదాం – 7: ముందు హారం, తర్వాతే లవం

ఈసారి వంశవృక్ష పటాలు, అంటే ఒక లక్షణం కుటుంబంలో తరతరాలుగా ఎవరికి వచ్చిందో చూపే బొమ్మలు, మొదలుపెట్టాలి. కానీ ఆరో పాఠం చివరి ప్రశ్నకు దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి గ్రూపులు పంపిన జవాబులు చూశాక, ఆ లెక్క తేల్చకుండా పటాల్లోకి పోతే మళ్లీ అక్కడే పడతారు.

ప్రశ్న ఇది: బఠానీలో శుద్ధ పసుపు గుండ్రని విత్తనాల రకాన్ని శుద్ధ ఆకుపచ్చ ముడతల రకంతో సంకరణం చేశారు. ఎఫ్2 (రెండో) తరంలోని పసుపు గుండ్రని విత్తనాల్లో రెండు లక్షణాలకూ విషమయుగ్మజమైనవి (ఒక్కో లక్షణానికి జన్యువు రెండు వేరు వేరు రూపాల్లో ఉన్నవి) ఎంత భాగం? ఎక్కువమంది 4/16 అన్నారు. జవాబు 4/9.

మీ పన్నెట్ చదరంలో, అంటే తల్లిదండ్రుల జన్యువులు కలిసే తీర్లన్నీ చూపే గడుల పట్టికలో, తప్పు లేదు. నాలుగు గడులనూ సరిగానే లెక్కపెట్టారు. తప్పంతా హారంలోనే ఉంది. అడిగింది మొత్తం విత్తనాల్లో ఎన్ని అని కాదు, పసుపు గుండ్రని వాటిలో ఎన్ని అని. ఆ మాట చదవగానే 16 గడుల్లో 7 పోయాయి, మిగిలింది 9. మొత్తం 1600 విత్తనాలు అనుకోండి. పసుపు గుండ్రనివి 900, వాటిలో రెండింటికీ విషమయుగ్మజాలు 400, రెండింటికీ శుద్ధమైనవి 100. కాబట్టి 4/9, 1/9. ఇదే ఆకుపచ్చ గుండ్రని విత్తనాల్లో శుద్ధమైనవి ఎంత అంటే 1/3. ఆకుపచ్చ ముడతల వాటిలో అయితే అన్నీ శుద్ధమే, లెక్క అక్కర్లేదు.

అసలు 16 గడుల చదరం పరీక్షలో గీయొద్దు. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. జీవశాస్త్రంలోనే 90 ప్రశ్నలు, 360 మార్కులు. చదరం గీస్తూ కూర్చుంటే రెండు మూడు ప్రశ్నల సమయం అందులోనే పోతుంది. ఒక్కో లక్షణాన్ని విడిగా చూసి గుణించండి: పసుపు వాటిలో విషమయుగ్మజాలు 2/3, గుండ్రని వాటిలో 2/3, రెండూ కలిపి 4/9. జన్యువులు స్వతంత్రంగా విడిపోతేనే ఈ గుణకారం నిలుస్తుంది. సహలగ్నత (జన్యువులు ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉండి కలిసే దిగడం) ఉందని ప్రశ్నలో కనిపిస్తే దీన్ని వాడొద్దు.

ఇక పటాలు. మగవారికి చదరం, ఆడవారికి వలయం, వ్యాధి ఉంటే నలుపు నింపడం మీకు తెలిసినవే. రెండు గీతలతో కలిపితే రక్తసంబంధ వివాహం, అంటే మేనరికం. ఆరోగ్యంగా ఉన్న తల్లిదండ్రులకు వ్యాధి ఉన్న కూతురు పుడితే శారీరక క్రోమోజోమ్ (లింగ క్రోమోజోమ్ కానిది) మీది అంతర్గత లక్షణం, అంటే జన్యువు రెండు ప్రతులూ ఉంటేనే బయటపడేది. వ్యాధి ఉన్నది కొడుకైతే, ఆ ఒక్క ఆధారంతో శారీరకమా ఎక్స్ సహలగ్నమా (ఎక్స్ క్రోమోజోమ్ మీదిదా) అని తేల్చొద్దు. తల్లిదండ్రులిద్దరికీ వ్యాధి ఉండి పిల్లల్లో ఒకరు ఆరోగ్యంగా ఉంటే బహిర్గతం, అంటే ఒక్క ప్రతి ఉన్నా బయటపడేది. ఇంతకు మించి బట్టీ పట్టాల్సింది లేదు.

బఠానీలో పడిన చోటే మనుషుల పటంలోనూ పడతారు. ఫినైల్ కీటోన్యూరియా అనే శారీరక అంతర్గత వ్యాధిని తీసుకోండి. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యవంతులే, ఒక బిడ్డకు మాత్రం వ్యాధి ఉంది. అంటే ఇద్దరూ వాహకులు: వ్యాధి జన్యువు ఒక్క ప్రతే ఉండి వ్యాధి లేనివాళ్లు. వాళ్ల ఇంకో కొడుకు ఆరోగ్యంగా ఉన్నాడు. అతను వాహకుడయ్యే సంభావ్యత ఎంత? దాదాపు ప్రతి గ్రూపులోనూ ఎవరో ఒకరు 1/2 అంటారు, మిగతావాళ్లు తలూపుతారు. పుట్టే పిల్లలు నాలుగు రకాలు: శుద్ధ ఆరోగ్యవంతుడు ఒకటి, వాహకులు రెండు, వ్యాధిగ్రస్తుడు ఒకటి. ఇతను ఆరోగ్యవంతుడని ప్రశ్నే చెప్పేసింది కదా, నాలుగో గడిని కొట్టేయండి. మిగిలిన మూడింటిలో రెండు వాహకాలు. జవాబు 2/3.

ఎప్పుడు 1/2 అవుతుంది? "ఇక పుట్టబోయే బిడ్డ వాహకం అయ్యే సంభావ్యత" అంటే ఏదీ కొట్టేయలేం, 2/4, అంటే 1/2. తల్లిదండ్రుల్లో ఒకరే వాహకం, రెండోవారు శుద్ధ ఆరోగ్యవంతులు అయినా 1/2, ఎందుకంటే అక్కడ కొట్టేయడానికి వ్యాధి గడే లేదు. కొడవలి కణ రక్తహీనత ప్రశ్నలో రక్తపరీక్షలో వాహకుడని తేలిందని రాస్తే సంభావ్యత 1, భిన్నమే వద్దు. ఇచ్చే నాలుగు జవాబుల్లో 1/2, 2/3 రెండూ ఉండొచ్చు. తప్పు పెడితే రావాల్సిన 4 రాకపోగా ఇంకో 1 పోతుంది.

ఇప్పుడు మేనమామ పెళ్లి. పై ఇంట్లోని ఆ ఆరోగ్యవంతుడైన కొడుకు సొంత అక్క బిడ్డను చేసుకున్నాడు. అక్కకూ వ్యాధి లేదు, బావ వాహకుడు కాడు. కొడుకు వాహకుడు కావడానికి 2/3. అక్కకూ 2/3. ఆమె నుంచి కూతురికి దిగడానికి సగం, అంటే 1/3. ఇద్దరూ వాహకులైతే బిడ్డకు వ్యాధి 1/4. మొత్తం 2/3 × 1/3 × 1/4 = 1/18. రెండు చోట్లా 2/3 బదులు 1/2 పెట్టినవాళ్లకు 1/32 వస్తుంది. అతను వాహకం కాని బయటి సంబంధం చేసుకుంటే సున్నా. మన దిక్కు మేనరికాలు ఉన్నాయి కాబట్టి ఈ లెక్కను పరీక్ష కోసమే అనుకోకండి, ఇంట్లో అడిగినప్పుడు చెప్పగలిగేలా నేర్చుకోండి.

ఎక్స్ సహలగ్న అంతర్గత లక్షణమైన వర్ణాంధత్వంలోనూ ఇదే చూపు. తండ్రి వర్ణాంధుడైన, మామూలు చూపున్న ఆమె మామూలు చూపున్నవాణ్ని చేసుకుంది. కొడుకుల్లో వర్ణాంధులు 1/2. పిల్లలందరిలో 1/4. కూతుళ్లలో సున్నా.

ఒక హెచ్చరిక. పటంలో తరతరానా నలుపు కనిపించినంత మాత్రాన జన్యువే కారణం కాదు. నల్లగొండలో ఫ్లోరోసిస్ తాతకూ మనవడికీ ఉన్న ఇళ్లున్నాయి. దానికి కారణం ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అదే నీళ్లు ఏళ్ల తరబడి తాగితే బయటి నుంచి వచ్చిన కోడలికీ వస్తుంది. వంశవృక్షంలో ఆ కోడలిని చూస్తే దారి దొరుకుతుంది.

సాధన: నలుగురు కూర్చుంటే ముందు గట్టిగా చెప్పినవాడి జవాబే అందరి జవాబు అవుతుంది. అందుకే ప్రశ్న చదివాక ఎవరికి వారు హారంలోకి వచ్చేవారు ఎవరో మాటల్లో రాయండి, ఒకేసారి కాగితాలు తిప్పండి, తేడా ఉంటే అక్కడే వాదించుకోండి. ఆ తర్వాతే లెక్క.

ఇంటికి ప్రశ్న: ఈసారి పై ఇంట్లోని కొడుకు బయటి సంబంధం చేసుకున్నాడు. అతనికి కొడుకు, అక్కకు కూతురు పుట్టారు. ఆ బావా మరదళ్లు పెళ్లి చేసుకున్నారు. వాళ్లిద్దరికీ వ్యాధి లేదు, బయటి నుంచి వచ్చిన కోడలూ అల్లుడూ వాహకులు కారు. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చే సంభావ్యత ఎంత? మొదటి బిడ్డకు వ్యాధి ఉందని తేలితే రెండో బిడ్డకు ఎంత? మొదటి బిడ్డ ఆరోగ్యంగా పుడితే రెండో బిడ్డకు ఎంత? మూడోదానికి పూర్తిగా కుదించాక హారం 140 రావాలి. రాకపోతే కొట్టేయాల్సిన గడి ఒకటి ఇంకా మిగిలే ఉంది.