కొబ్బరి నూనెకు సబ్బు వాసన వస్తోందా? ముందు కొబ్బరి ముక్క విరిచి చూడండి

ఉద్దానంలో గానుగ నడిపే ఎవరినైనా అడగండి, ఏటా ఇదే గోల. ఆడించుకెళ్లిన కొన్నాళ్లకే సీసా పట్టుకొచ్చి "ఇందులో ఏం కలిపారు?" అంటారు. కొబ్బరి వాళ్లదే, ఆడించింది వాళ్ల కళ్లముందే. సీసా పట్టుకుని బయల్దేరే ముందు ఇంట్లో ఇవి చూసుకోండి.

నూనె తెల్లగా పేరుకుంది

చలి, అంతే. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ధనుర్మాసంలో కవిటి, సోంపేటల్లో తెల్లారగట్ల అంతకంటే చల్లగానే ఉంటుంది. సీసాను కాసేపు ఎండలో పెట్టండి. కరిగి తేటబడితే నూనె బాగున్నట్టే. ఈ చిన్న పని చేయకుండా బస్సెక్కి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఫ్రిజ్‌లో పెట్టి, గడ్డకడితే అసలైన కొబ్బరి నూనే అనుకునే పరీక్షనూ పూర్తిగా నమ్మకండి. ఆయిల్ పామ్ గింజ లోపలి పప్పు నుంచి తీసే నూనె కొబ్బరి నూనెకు దగ్గరి చుట్టం. రెండింటి కొవ్వులోనూ సుమారు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే. అది కూడా ఫ్రిజ్‌లో రాయిలా గడ్డకడుతుంది. పండు గుజ్జు నుంచి వచ్చే మామూలు పామాయిల్ దారి వేరు, అందులో లారిక్ దాదాపు ఉండదు. గింజ నూనె కలిపారన్న అనుమానముంటే ల్యాబ్‌కి ఇవ్వాల్సిందే.

ఎండలో పెట్టినా మసక పోలేదు

పొడి మూకుడులో చెంచాడు నూనె వేసి వేడి చేయండి. చప్పుడు లేకపోతే అది మడ్డి. రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి, పైతేట వంపుకుని, గుడ్డతో వడకట్టండి. చిటపటలాడితే నూనెలో నీరుంది. అప్పుడు కింది సంగతి జాగ్రత్తగా చదవండి.

సబ్బు రుచి, గొంతులో గరగర

అందరినీ ముంచేది ఇదే. నూటికి తొంభై మంది సీసానో, గానుగనో అనుమానిస్తారు. కారణం అంతకుముందే, డాబా మీదే మొదలవుతుంది: కొబ్బరి లోపల ఆరలేదు.

పచ్చికొబ్బరిలో దాదాపు సగం నీరే. గానుగకు వచ్చేసరికి అది ఆరు శాతం దగ్గరికి దిగాలి. దిగకపోతే ఆ తేమలో బూజు, లైపేజ్ అనే ఎంజైమ్ కలిసి కొవ్వును విరగ్గొడతాయి. అలా విడిపోయిన లారిక్ ఆమ్లానిదే ఆ సబ్బు రుచి. వేరుశనగ నూనెలో లారిక్ ఉండదు కాబట్టి పాడైనా ఈ రుచి రాదు.

కొబ్బరి ఇక్కడే మోసం చేస్తుంది. గట్టి ఎండకు చిప్ప పైపొర త్వరగా బిగుసుకుంటుంది. చేత్తో కదిపితే గలగలమంటుంది, అంచులు ముడుచుకుంటాయి, చూసినవాళ్లు ఆరిందనే అంటారు. మందంగా ఉన్న చోట మాత్రం లోపల పచ్చిగానే ఉంటుంది. ముసురు రోజుల్లో పొయ్యి మీద అటకెక్కించి ఆరబెడితే మరీనూ, పైన పొగచూరి లోపల పచ్చి. దానికితోడు సముద్రం దగ్గరి ఊళ్లలో రాత్రి మంచు. సాయంత్రం ఎత్తకుండా డాబా మీదే వదిలేస్తే పగలు పోయిన తేమలో కొంత తెల్లారేసరికి తిరిగొస్తుంది. ఇంకొందరు ఎండ వేడి మీదే గోనెలో కట్టేస్తారు, లోపల చెమటపట్టి బూజొస్తుంది.

చూడాల్సిన పద్ధతి: కుప్పలో అన్నింటికంటే మందమైన ముక్క తీయండి. నీడలో చల్లారాక విరవండి. టక్కున విరిగి, విరిగిన చోట అంతా ఒకే తెలుపుంటే సరే. వంగినా, మధ్యలో అద్దంలా మెరిసే గీత కనిపించినా ఇంకా ఎండబెట్టాలి. నమ్మకం కుదరకపోతే నాలుగు ముక్కలు తూచి, ఇంకో రోజు ఎండబెట్టి మళ్లీ తూచండి. బరువు తగ్గితే ఇంకా నీరున్నట్టే. ఇంట్లో చేసే పరీక్షల్లో నేను గట్టిగా నమ్మేది ఈ తూకాన్నే.

సబ్బు రుచి వచ్చేశాక వంటకు ఆ నూనె వదులుకోండి. సన్నమంట మీద చిటపట ఆగేదాకా కాచితే నీరు పోతుంది, రుచి పోదు. దీపానికి వాడుకోండి, లేదా సబ్బు కట్టేవాళ్లకివ్వండి. కిలో నూనెకు దాదాపు 180 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. కొబ్బరి సబ్బు ఉప్పునీటిలో కూడా నురగొస్తుంది. బూజు పట్టిన కొబ్బరి సంగతి వేరు. ఆకుపచ్చ, పసుపు బూజు కనిపిస్తే ఆడించనే వద్దు. ఎండబెట్టినా దాని విషం పోదు. అలాంటి కొబ్బరి ఆడించాక మిగిలే చెక్కను గేదెకు పెడితే ఆ విషం పాలలోకీ దిగుతుంది.

వేయిస్తుంటే నురగ పొంగుతోంది

వేరుశనగ నూనెతో గానీ పామాయిల్‌తో గానీ కలిపారా? కొబ్బరి నూనె లాంటి లారిక్ నూనెలను వేరే నూనెలతో కలిపి కాస్తే నురగ కడతాయి. ఏది వాడినా విడిగా వాడండి.

నూనె పాడయ్యే మిగతా కారణాలు అరుదు. రాగి పాత్రలో నిల్వ చేయడం, పాత డబ్బా కడగకుండా కొత్త నూనె పోయడం, కడిగిన సీసా ఆరకముందే నింపడం. ముదరని కాయ రబ్బరులా సాగుతుంది, ఎన్నాళ్లు ఎండబెట్టినా విరగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను లాంటిది చెట్లను కూల్చినప్పుడు ఇలాంటి కాయలొస్తాయి. వాటిని ముదురు కాయలతో కలపకండి.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే సీసా ఒక్కటే తేవద్దు. ఇంట్లో మిగిలిన ఎండు కొబ్బరి ముక్క కూడా పట్టుకురండి.